కోడిగుడ్డు చక్రాలు: చిన్నప్పటి రామాయణం బొమ్మల సినిమా మళ్ళీ చూసేటప్పుడు

చిత్తూరు వైపు పల్లెల్లో ధర్మరాజుల తిరునాళ్ళు మొదలైతే పద్దెనిమిది రోజులూ భారతమే. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, మధ్యలో ఒకరోజు అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, చివర్లో మట్టితో చేసి పడుకోబెట్టిన దుర్యోధనుడి వధ, ఆ తర్వాత అగ్నిగుండం. దుర్యోధనుడు చస్తాడా, బతుకుతాడా అని తెలుసుకోవడానికి అక్కడికి ఎవరూ రారు. నిరుడు భీముడు కట్టినవాడికీ ఈ ఏడు కట్టినవాడికీ తేడా ఏంది, పద్యం ఎత్తుగడ నిలిచిందా జారిందా, ఇదే తెల్లవారాక టీ అంగడి దగ్గర తేలే లెక్క. కథ తెలిసినవాడే గట్టి ప్రేక్షకుడు. చిన్నప్పుడు చూసిన బొమ్మల సినిమాను ముప్పై, నలభై ఏళ్ళ వయసులో మళ్ళీ చూడటం కూడా ఈ కోవలోదే. అయితే ఒక చిక్కుంది. వీధినాటకంలో నిరుటి వేషగాడు వేరు, ఈ ఏటి వేషగాడు వేరు అని అందరికీ కళ్ళెదుటే తెలుస్తుంది. సినిమా అయితే అదే సినిమా కదా అనుకుంటాం. చాలాసార్లు అదే కాదు.

ఇక్కడ ఉదాహరణ 1992 నాటి ‘రామాయణ: ద లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’. జపాన్‌కు చెందిన యూగో సాకో తలపెట్టి, మన దేశపు యానిమేషన్‌కు పెద్దదిక్కు అనదగ్గ రామ్ మోహన్, జపాన్ దర్శకుడు కోయిచి ససాకిలతో కలిసి తీసిన సినిమా. 1983లో సాకో ఇక్కడి పురావస్తు తవ్వకాల మీద డాక్యుమెంటరీ పని మీద వచ్చి రామాయణం వైపు మళ్ళాడు. విదేశీయుడు రామాయణం బొమ్మలు గీయడమేమిటని అప్పట్లో అభ్యంతరాలు వచ్చాయి, ప్రభుత్వం నుంచి ఉమ్మడి నిర్మాణానికి ఊతం దొరకలేదు. పని ఎక్కువగా జపాన్‌లోనే సాగింది. 450 మంది చిత్రకారులు, దాదాపు లక్ష సెల్స్ (బొమ్మలు ఎక్కించే పారదర్శకమైన రేకులు), 135 నిమిషాలు. సంగీతం వనరాజ్ భాటియా. 1993 జనవరిలో ఢిల్లీ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించినా, దేశంలో థియేటర్లకు సరిగా అందలేదు. పిల్లలకు చేరింది టీవీ ద్వారానే, ఎక్కువగా హిందీలోనో ఇంగ్లీషులోనో. 2025 జనవరి 24న 4కె ప్రతితో హిందీ, తమిళం, తెలుగు, ఇంగ్లీషు మాటలతో థియేటర్లకు మళ్ళీ వచ్చింది. తిరుపతిలో కేబుల్ వైరు మోసుకొచ్చిన హిందీలో రావణుడి నవ్వు విన్న పిల్లవాడు, తన పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని తెలుగులో వినే రోజు అట్లా వచ్చింది.

మళ్ళీ చూసినవాళ్ళ మాటలు రెండు రకాలు. ‘అబ్బ, ఇంత బాగుందా!’ అనేవాళ్ళు కొందరు. ‘ఏదో తేడాగా ఉంది, అప్పటి ఊపు లేదు’ అనేవాళ్ళు కొందరు. రెండో రకం వాళ్ళు వెంటనే తమ వయసును తప్పుపడతారు, లేదా సినిమాను. ముందు అనుమానించాల్సింది మాత్రం చేతిలో ఉన్న ప్రతిని. తేడా మొదట బొమ్మలో ఉంటుంది, తర్వాత చెవిలో, ఆ తర్వాతే మనసులో. ఈ వరస తిరగేస్తే తీర్పు తప్పుతుంది.

అప్పుడు కంటికి అందింది ఎంతో చూద్దాం. డబ్బా టీవీ మీద మన దేశం వాడిన పాల్ (PAL) అనే ప్రసార పద్ధతిలో కనిపించే గీతలు 576. వీడియో సీడీ అయితే మరీ హీనం: 352 చుక్కలు అడ్డం, 288 నిలువు, అంటే మొత్తం లక్ష పైచిలుకు చుక్కలు. 4కె తెరలో ఉండేవి 3840 అడ్డం, 2160 నిలువు, దాదాపు 83 లక్షలు. ఒకటికి ఎనభై రెట్లు. 74 నిమిషాలు పట్టే సీడీలో 135 నిమిషాల సినిమా ఇమడదు కాబట్టి రెండు సీడీలు కావాలి. రెండో సీడీ మీద గీతలు పడితే రాముడు లంక దాకా పోయి ఆగిపోవాల్సిందే. టీవీలోనూ అంతే, మధ్యలో కరెంటు పోతే వారధి సగంలోనే. సినిమాను మొదటి నుంచి చివరి దాకా ఒక్క బిగిన చూసినట్టు గుర్తున్నవాళ్ళలో చాలామంది నిజానికి ముక్కలు ముక్కలుగా చూసి అతికించుకున్నవాళ్ళే.

ఇక వేగం. సినిమా రీలు సెకనుకు 24 ఫ్రేములు. పాల్ టీవీకి కావాల్సినవి 25. ఈ ఒక్క ఫ్రేము తేడాను సర్దడానికి తేలిక మార్గం, రీలునే కొంచెం వేగంగా తిప్పేయడం. నూటికి నాలుగు పాళ్ళు వేగం పెరుగుతుంది. 135 నిమిషాల సినిమా 129 నిమిషాల 36 సెకన్లలో అయిపోతుంది. వేగంతో పాటు గొంతూ లేస్తుంది, సుమారు ముప్పావు అర్ధస్వరం. సంగీతం నేర్చినవాళ్ళ మాటలో చెప్పాలంటే ఒకటి శ్రుతిలో పాడింది ఒకటిన్నరకు కాస్త కింద వినిపిస్తుంది. ఇట్లా ఎక్కించిన ప్రతిని పదిసార్లు విన్న పిల్లవాడికి ఆ పైశ్రుతే అసలు శ్రుతి. పెద్దయ్యాక సరైన వేగంలో వింటే పాట బరువుగా, మాట నిదానంగా తోస్తుంది. ‘అప్పటి ఊపు లేదు’ అనే ఫిర్యాదులో సగం ఇదే కావచ్చు. ఏ ప్రతి ఏ వేగమో తెలుసుకోవడానికి పెద్ద విద్య అక్కర్లేదు. మొత్తం నిడివి చూడాలి. 135కు దగ్గరగా ఉంటే రీలు వేగం, 130 లోపు ఉండి దృశ్యాలేవీ తెగకుండా ఉంటే పాల్ వేగం. అంతకన్నా చాలా తక్కువుంటే అది కత్తిరించిన కూర్పు. అమెరికా కోసం వేరే గొంతులతో కుదించిన కూర్పు ఒకటుంది, దాన్ని చూసి ‘నాకు గుర్తున్న ఫలానా దృశ్యం అసలు లేనే లేదా’ అని కంగారుపడితే జ్ఞాపకానికి అన్యాయం చేసినట్టే.

పెన్ డ్రైవ్‌లో పాల్ వేగపు ఫైలే ఉంటే కంప్యూటర్‌లో సరిచేసుకోవచ్చు. వీఎల్‌సీ ప్లేయర్‌లో కింది పట్టీలో వేగం అంకె మీద నొక్కి 0.96కు తగ్గిస్తే 24 ఫ్రేముల వేగం వచ్చేస్తుంది. ఇక్కడ చాలామంది బోల్తాపడే చోటుంది. వేగం తగ్గినా శ్రుతి తగ్గదు, ఎందుకంటే వేగం మారినా గొంతు మారకుండా ఉంచే టైమ్ స్ట్రెచింగ్ అనే సదుపాయం ఆ ప్లేయర్‌లో ముందే పనిచేస్తూ ఉంటుంది. ఆడియో సెట్టింగుల్లో దాన్ని తీసేస్తేనే శ్రుతి కూడా దిగుతుంది. కదిలే అంచుల వెంట దువ్వెన పళ్ళలాంటి గీతలు కనిపిస్తే అది పాత టీవీ కోసం బేసి గీతలు, సరి గీతలు విడదీసి ఎక్కించిన ప్రతి అన్నమాట. కీబోర్డు మీద డి నొక్కితే డీఇంటర్‌లేస్ పనిచేసి గీతలు తగ్గుతాయి. పూర్తిగా పోవు.

పెద్ద టీవీలో చూసేవాళ్ళు ముందు చక్రాన్ని చూడాలి. రామాయణంలో రథాలకు కొదవ లేదు. రథచక్రం గుండ్రంగా ఉందా, కోడిగుడ్డులా ఉందా? గుడ్డయితే 4:3 బొమ్మను, అంటే నాలుగు పాళ్ళ వెడల్పుకు మూడు పాళ్ళ ఎత్తున్న పాత టీవీ బొమ్మను, 16:9 తెర నిండా లాగినట్టు. వెడల్పు సరిగ్గా మూడో వంతు పెరుగుతుంది, సన్నటి సీతమ్మ కూడా బొద్దుగా అయిపోతుంది. తెర నిండకపోతే డబ్బు దండగ అన్నట్టు చాలా ఇళ్ళలో సెట్‌టాప్ బాక్స్‌లో బొమ్మను ఎప్పుడూ సాగదీసే ఉంచుతారు, అది వేరే సంగతి. 43 అంగుళాల టీవీ తెర సుమారు 95 సెంటీమీటర్ల వెడల్పు, 53.5 ఎత్తు. అందులో 4:3 బొమ్మకు న్యాయంగా దక్కేది 71 సెంటీమీటర్లే. రెండు పక్కలా పన్నెండేసి సెంటీమీటర్లు నల్లగా ఉండాలి. ఉంటేనే సరి. దీనికి తిరగబడ్డ తప్పు ఇంకొకటుంది: నల్లపట్టీలు కనబడకూడదని పైనా కిందా కోసి పెద్దది చేయడం. అప్పుడు చక్రం గుండ్రంగానే ఉంటుంది కానీ నిలబడ్డ మనిషి కిరీటం తెగుతుంది. కాబట్టి చక్రంతో పాటు కిరీటమూ చూడాలి.

మూడోది ఇంకా పెద్ద తప్పు, కొత్త టీవీలు పుట్టుకతోనే తెచ్చుకునేది. శాంసంగ్‌లో పిక్చర్ క్లారిటీ, ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో అనే పేర్లతో ఉండేది ఇదే. రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేమును టీవీ ఊహించి పుట్టిస్తుంది. క్రికెట్‌కు బాగుంటుంది. చేత్తో గీసిన బొమ్మకు విషం. కారణం గీసిన పద్ధతిలోనే ఉంది. సెకనుకు 24 ఫ్రేములున్నా, బొమ్మలు 24 గీయరు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలిపితే సెకనుకు 12 చాలు, మూడేసి ఫ్రేములు నిలిపితే 8 చాలు. ఆ నిలకడ, ఆ చిన్న కుదుపు లెక్క ప్రకారం పెట్టినవి. విల్లు లాగేటప్పుడు నిదానంగా, వదిలేటప్పుడు ఒక్క బొమ్మలో, అట్లా. టీవీ మధ్యలో దూరి అన్నిటినీ ఒకే నునుపుకు తెస్తే బాణం నీళ్ళలో పోయినట్టు పోతుంది, చేతి చుట్టూ మసక వలయం పుడుతుంది, వేగంగా ఊగే జుట్టు చిరిగినట్టవుతుంది. పిక్చర్ మోడ్‌ను సినిమాకో, ఫిల్మ్‌మేకర్‌కో మార్చి, ఆ మోషన్ సదుపాయాన్ని ఆపేసి, షార్ప్‌నెస్ తగ్గిస్తే సరిపోతుంది. షార్ప్‌నెస్ ఎక్కువైతే నల్లగీత పక్కన తెల్లగీత మొలుస్తుంది, ఇది అందరికీ చటుక్కున కనిపించే గుర్తు.

ఇవన్నీ సరిచేశాక కనిపించేది చిన్నప్పుడు కనబడనిది. శ్రీకాళహస్తి కలంకారి ఎరిగినవాళ్ళు దీన్ని తొందరగా పట్టుకుంటారు. తిరుపతికి గంట దూరంలో, స్వర్ణముఖి ఒడ్డున, అదే రామాయణాన్ని గుడ్డ మీద గీస్తారు. కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్ళలో గుడ్డను ముంచి ఆరబెడతారు. పాలల్లో ఉండే కొవ్వు వల్ల కలం నుంచి దిగిన రంగు పక్కకు పాకదు. చింతపుల్ల బొగ్గుతో అచ్చు గీసి, దాని మీద వెదురు కలంతో నల్లగీత. ఆ నలుపు బెల్లం నీళ్ళలో తుప్పు ఇనుము నానబెట్టి పులియబెట్టింది. కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే గీత నల్లబడుతుంది. పటిక పూసిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. ముందు గీత, తర్వాత రంగు. రామాయణం గుడ్డల్లో మధ్యలో పట్టాభిషేకం పెద్దదిగా, చుట్టూ వరసల్లో కథ గడులు, గడుల మీద తెలుగులో రాత. చూసేవాడు నడుస్తూ, గడిని గడిని చూస్తూ కథను కదిలిస్తాడు.

సెల్ యానిమేషన్‌లోనూ ముందు గీతే. కాగితం మీద పెన్సిల్ బొమ్మ, దాన్ని పారదర్శకమైన ప్లాస్టిక్ రేకు మీదికి ఎక్కించడం, రేకును తిప్పి వెనక వైపు నుంచి రంగు నింపడం. ముందు గీత, వెనక రంగు కావడం వల్ల కుంచె జాడలు ముందుకు కనబడవు, గీత మీదికి రంగు ఎక్కదు. ఆ రేకునే సెల్ అంటారు. దాని కింద కాగితం మీద విడిగా వేసిన అడవో, అంతఃపురమో పెట్టి పైనుంచి కెమెరాతో ఫోటో తీస్తారు. ఒక రేకు మీద మనిషి, ఇంకో రేకు మీద చెయ్యి, మరో రేకు మీద నోరు ఉండవచ్చు, కదిలేది మాత్రమే మార్చడానికి.

రెండు పద్ధతులకూ తేడా నగల దగ్గర తెలుస్తుంది. కాళహస్తి రాముడి కిరీటంలో చుక్కలు, గొలుసులు, పూలు ఎన్నైనా పెట్టొచ్చు. ఒక్కసారి గీస్తే అయిపోయింది. బొమ్మల సినిమాలో రాముడు తల తిప్పితే ఆ చుక్కలన్నీ సెకనుకు పన్నెండుసార్లు, ప్రతిసారి కొంచెం జరిపి, గీయాలి. కిరీటంలో 40 గీతలుంటే ఐదు సెకన్ల తల తిప్పుడుకు 2,400 గీతలు, ఒక్క కిరీటానికే. అందుకే నగలు తగ్గిస్తారు, పంచె కుచ్చెళ్ళు ఐదారుకు కుదిస్తారు, అంతగా అలంకరించిన పాత్రను కదలకుండా నిలబెట్టి కెమెరాను కదుపుతారు. పంచె ఎట్లా కడతారు, పెద్దల దగ్గర దీవెన ఎట్లా తీసుకుంటారు అనేవి జపాన్ చిత్రకారులకు మన యానిమేటర్లు చెప్పి గీయించారు. పెద్దయ్యాక ఆ కుచ్చెళ్ళ మీద కన్ను పెడితే, నడకలో అవి ఎక్కడ సరిగ్గా మడతపడ్డాయో, ఎక్కడ గుడ్డ లంగా మాదిరి ఊగిందో పంచె కట్టిన అలవాటున్న ఏ పెద్దాయనైనా చెప్పేస్తాడు.

లక్ష సెల్స్ అనే మాటను కూడా కొంచెం తరచి చూడాలి, ఎందుకంటే అది వినగానే నోరు తెరవడమే తప్ప లెక్క వేసేవాళ్ళు తక్కువ. 135 నిమిషాలంటే 8,100 సెకన్లు. సెకనుకు 12 బొమ్మలైతే 97,200. అంటే తెరమీద ఎప్పుడూ ఒకే ఒక పొర కదిలితే లక్షకు సరిపోయింది. వానర సైన్యం, రాక్షసులు, పక్కపక్కన మాట్లాడే ఇద్దరు, వీటికి రెండు మూడు పొరలు తప్పవు. మరి ఆ అదనపు సెల్స్ ఎక్కడ మిగిల్చారు? నిలకడ దృశ్యాల్లో. మాట్లాడేవాళ్ళ నోళ్ళు తప్ప ఏదీ కదలని చోట్ల, కొండలూ కోటల మీదుగా కెమెరా నెమ్మదిగా జరిగే చోట్ల, ఒకే పరుగు బొమ్మల్ని మళ్ళీ మళ్ళీ తిప్పే చోట్ల. అట్లా మిగిల్చినదాన్ని తీసుకెళ్ళి కుంభకర్ణుడి మీద, లంకాదహనం మీద, యుద్ధం మీద ఖర్చుపెడతారు. పల్లెటూరి పెళ్ళిలో మూడురోజులు పప్పుచారుతో నెట్టి ముహూర్తం పూట అరిసెలు వడ్డించినట్టు. చిన్నపిల్లలు విసుక్కున్న దృశ్యాలు చాలావరకు ఈ పొదుపు దృశ్యాలే. పెద్దవాళ్ళకు ఇప్పుడు నచ్చేవీ అవే కావడం విచిత్రం: దశరథుడు, కైక మధ్య ఏమీ కదలని గది. నిలకడ మొదట డబ్బు మిగిల్చే ఉపాయం, తెలిసినవాళ్ళ చేతిలో పడ్డాక అది మౌనం.

ఇంకో సంగతి ప్రతి పిల్లవాడికీ తెలుసు, ఎట్లా తెలుసో మాత్రం తెలియదు. గుట్టలో ఏ రాయి ఊడి పడబోతోందో ముందే చెప్పేస్తారు. కదలని రాళ్ళు కాగితం మీద నీటిరంగు ఛాయలతో మెత్తగా ఉంటాయి. కదలాల్సిన రాయి సెల్ మీద ఒకే రంగుతో, నల్లగీత చుట్టుకుని ఉంటుంది. పాత డబ్బా టీవీలో ఆ తేడా కొంత కలిసిపోయేది. 4కెలో పట్టపగలులా కనిపిస్తుంది. సెల్ పొరలు పెరిగేకొద్దీ కింది పొర రంగు కాస్త మసకబారుతుంది కనుక, ఒకే పాత్ర చీర రంగు రెండు దృశ్యాల్లో వీసమెత్తు తేడాగా కనబడవచ్చు. రేకు మీది దుమ్ము, పై రేకు కింది రేకు మీద వేసే సన్నటి నీడ కూడా. ఇవి కనబడితే ప్రతి చెడిపోయిందని కాదు, చేతిపని చెరిగిపోకుండా ఉందని గుర్తు. చెడిపోయిన ప్రతికి గుర్తు వేరు: ఫిల్ము గరుకుతో పాటు సన్నగీతల్ని కూడా తుడిచేస్తే ముఖాలు మైనంలా నున్నగా ఉంటాయి, కనుబొమల చివరలు మాయమవుతాయి. అట్లాంటి ‘శుభ్రమైన’ ప్రతి కన్నా దుమ్మున్న ప్రతే నయం.

ఆకుపచ్చ అడవుల వెనకాల కొండల్ని తిరుపతివాళ్ళు ప్రత్యేకంగా చూస్తారు, చూడకుండా ఉండలేరు. 2021 శ్రీరామనవమి రోజున తిరుమల తిరుపతి దేవస్థానం అంజనాద్రే హనుమంతుడి జన్మస్థలమని ప్రకటించింది. హంపి దగ్గరి ఆనెగొందిని కిష్కింధగా కొలిచేవాళ్ళు దాన్ని ఒప్పుకోలేదు. ఆ తగవు ఎట్లా ఉన్నా, రాయి మాత్రం అబద్ధం చెప్పదు. శేషాచలంలో రాయి పొరలు పొరలుగా అడ్డంగా పేర్చినట్టు, గోడలాగా నిలబడుతుంది. హంపివైపు గుండ్రటి బండలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. వానరులు గెంతే చోటు వచ్చినప్పుడు రిమోట్ నొక్కి ఆపి ఆ వెనక బొమ్మ ఏ రాయి అని చూడటం మంచి కాలక్షేపం. కనుమ దారిలో రోజూ తిరిగే కళ్ళకు అర నిమిషం పని.

ఇక మాట. తెలుగు మాటలు వినగానే ‘నోటికి సరిపోలేదు’ అనడం తేలిక. జపాన్ పద్ధతి బొమ్మల్లో నోటికి సాధారణంగా మూడే బొమ్మలు: మూసింది, సగం తెరిచింది, పూర్తిగా తెరిచింది. అక్షరం అక్షరానికీ పెదవి మలిచే పద్ధతితో పోలిస్తే ఇది ఏ భాషకైనా లొంగుతుంది. అయినా తెలుగుకు ఒక ఇబ్బంది తప్పదు. మనది అజంత భాష, వాక్యం చివర క్రియ, క్రియ చివర అచ్చు. ‘వచ్చాడు’, ‘చెప్పింది’, ‘వెళ్ళారు’, అన్నిటికీ చివర నోరు తెరుచుకునే ఉండాలి. తెరమీద నోరు టక్కున మూసుకుంటే మాట బయటే మిగిలిపోతుంది. డబ్బింగు రాసే నిపుణులు అలాంటి చోట ‘వెళ్దాం’, ‘నిశ్చయం’, ‘సత్యం’ లాంటి మకారపు ముగింపులు వెతుకుతారు. ప, బ, మ వచ్చే మాటను మూసిన పెదవుల మీద పడేలా వాక్యాన్ని తిప్పుతారు. చేత్తో చూపించే చోట క్రియ చివరికి పోతే సైగ ముందు, మాట వెనక అవుతుంది. అక్కడ ‘అదుగో’, ‘ఆగు’, ‘వద్దు’ అని ముందే అనిపిస్తారు. డబ్బింగ్ మంచిదో కాదో తేల్చడానికి దీనికంటే మంచి గీటురాయి లేదు: సైగతో పాటు ఏ మాట వినబడింది?

పిలుపులు ఇంకా తిరకాసు. ఇంగ్లీషులో అందరికీ ఒకటే ‘యూ’. హిందీలో మూడు మెట్లున్నాయి. తెలుగు పౌరాణికంలో లెక్కే వేరు: రాజునైనా, తండ్రినైనా, దేవుణ్ణైనా ‘నీవు’ అనడమే మర్యాద, ‘మీరు’ అంటేనే నాటకం చెడుతుంది. నాన్నను ‘మీరు’ అనో, చనువుగా ‘నువ్వు’ అనో పిలిచే ఈనాటి పిల్లలకు ‘తండ్రీ, నీవు’ అనే మాట కొత్త. హిందీ మాటల్లో అరుణ్ గోవిల్ గొంతు రాముడికి, అమ్రిష్ పురి గొంతు రావణుడికి పెట్టడంలో ఒక తెలివి ఉంది. దూరదర్శన్ రాముడి గొంతునే బొమ్మ రాముడికి తొడిగితే నమ్మకం దానంతటదే వస్తుంది. తెలుగువాళ్ళ చెవిలో రాముడికి ముందే ఇంకో గొంతు ఉంది, 1963 నాటి ‘లవకుశ’ నుంచి అలవాటైన ఎన్.టి. రామారావు గొంతు. బొమ్మల సినిమా తెలుగు రాముడు ఎంత బాగా చెప్పినా ఆ గొంతుతో పోలిక తప్పించుకోలేడు. అందుకని తెలుగు ప్రతి విని పెదవి విరిచేముందు, అదే దృశ్యాన్ని ఇంగ్లీషు మాటలతో ఒకసారి చూడటం మంచిది. ఇంగ్లీషు కూర్పులో పాటలు సంస్కృతం, రాసింది వసంత్ దేవ్. సంస్కృతం తెలుగు చెవికి దగ్గర. ఆ పాటలతో చూస్తే హిందీలో ఎరిగిన దృశ్యమే మరో నడకలో సాగుతుంది.

చివరికి మనసు. మనిషి జ్ఞాపకం ఫోటో కాదు, ప్రతిసారీ కొత్తగా కట్టుకునే ఇల్లు అని 1932లోనే మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ చూపించాడు. విన్న కథను తిరిగి చెప్పమంటే జనం తెలియని ముక్కల్ని వదిలేసి, తమకు అలవాటైన వరసలోకి దాన్ని మార్చేసుకున్నారు. రామాయణానికి ఇది రెట్టింపు. టీవీ రామాయణం, కోదండరామస్వామి గుడిలో విన్న హరికథ, పాఠంలో చదివింది, పిల్లలే వేషాలు కట్టిన తెలుగు సినిమా, అన్నీ ఒకే కుండలో కలుస్తాయి. ‘ఆ బొమ్మల సినిమాలో ఇట్లా ఉంది’ అని ఒట్టేసి చెప్పే దృశ్యం అసలు వేరేదాంట్లోది కావచ్చు. దీన్ని తేల్చడానికి కాగితం, పెన్ను, పావుగంట చాలు. సినిమా పెట్టకముందే గుర్తున్న దృశ్యాలు పది రాసుకోవాలి. ఒక్కో దానికి మూడు సంగతులు: ఎవరున్నారు, పగలా రాత్రా, వెనక ఏ శబ్దం. కథను రాసుకుంటే ఉపయోగం లేదు, కథ అందరికీ తెలిసిందే, చూడకపోయినా రాసేయొచ్చు. వెలుగు, శబ్దం మాత్రం ఈ సినిమావే అయ్యుండాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కలిసి చూస్తే విడివిడిగా రాసుకోవాలి. ఒకరు బయటికి చెప్పిన మరుక్షణం ఇంకొకరి జ్ఞాపకం దానికి వంగిపోతుంది. సినిమా అయ్యాక సరిచూసుకుంటే తప్పులు దొరికేది ఎక్కువగా పాత్రల దగ్గర కాదు, వరస దగ్గర. ముక్కలు ముక్కలుగా చూసిన ఫలితం.

వాలి వధ దగ్గర మాత్రం ప్రతి కంటే వయసే ఎక్కువ పని చేస్తుంది. పదేళ్ళప్పుడు రాముడు కొట్టాడు, వాలి పడ్డాడు, అంతే. నలభైలో చెట్టుచాటు కనిపిస్తుంది. 24,000 శ్లోకాల కావ్యాన్ని 135 నిమిషాలకు దించినప్పుడు వాదనలు పోయి పనులు మిగులుతాయి. వాల్మీకిలో వాలి అడిగే ప్రశ్నలు, రాముడి జవాబు రెండు సర్గల పొడవునా సాగుతాయి. తెరమీద అంత చోటు ఉండదు. ఇక్కడ సినిమా మీద కోపం తెచ్చుకోవడం కంటే, ఆ దృశ్యం అవ్వగానే ఆపి కిష్కింధకాండలో ఆ భాగం చదవడం మేలు. పక్కన పిల్లలుంటే వాళ్ళ ప్రశ్నకు జవాబు అప్పుడే కావాలి మరి.

పిల్లలతో చూసేవాళ్ళు 135 నిమిషాలూ ఒకేసారి కూర్చోబెట్టకపోవడం మంచిది, ఆరేళ్ళ లోపు వాళ్ళైతే మరీ. మూడు పూటలుగా విరిస్తే కథ విరగదు: వనవాసానికి బయల్దేరేదాకా ఒకటి, హనుమంతుడు లంక కాల్చి తిరిగొచ్చేదాకా రెండోది, మిగిలిన యుద్ధం మూడోది. మధ్యలో సీతాపహరణం దగ్గర ఆపకూడదు, రాత్రి నిద్రపోరు. గది పూర్తిగా చీకటి చేయకుండా టీవీ వెనక చిన్న లైటు వెలిగించి, 43 అంగుళాల తెరకు ఐదు నుంచి ఆరడుగుల దూరంలో కూర్చోబెట్టాలి. పాత 576 గీతల ప్రతి అయితే ఇంకో రెండడుగులు వెనక్కి జరగాలి. కుంభకర్ణుడు లేచేటప్పుడు పిల్లలు ఎలాగూ ముందుకు జరుగుతారు.